గుర్రపు దండుకి బొమ్మలు కొంటున్నారా?

సంక్రాంతి కొలువు కోసం ఏళ్ల తరబడి ఒక్కో బొమ్మా కొని, పాత చీరముక్కల్లో చుట్టి దాచుకునేవాళ్లం మనం. సెట్టులో ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. అందుకే మీ అబ్బాయో, మీవారో "మంగోలు సైన్యం కూర్చాలి, బొమ్మలు కావాలి" అంటే విసుక్కోకండి. ఆ ఎంపికలో మీ కన్నే ఎక్కువ పనికొస్తుంది.

బల్ల మీద చిన్న చిన్న సైనికుల్ని పేర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ పాతకాలపు యుద్ధాలు ఆడే సరదా ఇది. ఇంగ్లండులో బాగా పాతుకుపోయింది. హెచ్.జి.వెల్స్ అనే పేరున్న రచయిత 1913లోనే 'లిటిల్ వార్స్' అని దీనికో పుస్తకం రాశాడు. ఇందులో మంగోలులు, కిప్చాకుల వంటి గడ్డిమైదానాల సంచార జాతుల సైన్యాలంటే కొందరికి ప్రత్యేకమైన మోజు. మరి ఆ సైన్యమంతా గుర్రాల మీదే కదా! కాల్బలం కంటే గుర్రపు బొమ్మ ఖరీదు ఎక్కువ. డబ్బు మంచినీళ్లలా ఖర్చయ్యేది ఇక్కడే.

కాబట్టి ముందు లెక్క అడగండి. ఏ నియమాలతో ఆడతారో తేలకుండా ఒక్క పెట్టె కూడా కొననివ్వకండి. 1990లో వచ్చిన డి.బి.ఏ. అనే ఆటలో సైన్యమంటే పన్నెండు చిన్న పలకలే. తేలిక రౌతుల పలక మీద రెండు బొమ్మలు, కాస్త బరువు రౌతులైతే మూడు. మొత్తం పాతిక ముప్ఫై గుర్రాలతో సరిపోతుంది. వందలు అక్కర్లేదు.

తర్వాత సైజు. 15 మిల్లీమీటర్ల మనిషి వేరుశనగ పలుకంత ఉంటాడు. 28 మిల్లీమీటర్ల వాడు బొటనవేలి కణుపంత. రెండూ కలిపితే కొలువు చెడినట్టే. ఈ రెండింటి మధ్యది 1/72 అనే కొలత, ప్లాస్టిక్‌ది, సాధారణంగా చవక. రష్యా వాళ్ల జ్వెజ్దా, ఇటలీ వాళ్ల ఇటలెరి ఈ కొలతలో మంగోలు రౌతుల పెట్టెలు చేశాయి. పెట్టె మీద ఎన్ని గుర్రాలున్నాయో చూసి, గుర్రం ఒక్కింటికి ఎంత పడుతుందో భాగించుకోండి. కూరగాయల దగ్గర చేసే లెక్కే!

పెట్టెలో అందరూ కత్తులెత్తిన వీరులే ఉంటే అది సరైన సైన్యం కాదు. ఈ జాతుల బలమంతా విల్లులో ఉంది. పరిగెత్తే గుర్రం మీంచి వెనక్కి తిరిగి బాణం వేసేవాళ్లు. అందుచేత విలుకాళ్లు ఎక్కువగా, ఈటె పట్టిన కవచధారులు తక్కువగా ఉన్నది చూడండి.

ఇంకో గుర్తు ఆడవాళ్లకే తట్టేది. మన పైట ఎడమ భుజం మీద, గుజరాతీల పైట కుడి భుజం మీద కదా! అలాగే 1253-55 మధ్య మంగోలుల దగ్గరికి వెళ్లొచ్చిన రుబ్రుక్ విలియమ్ అనే సన్యాసి, తుర్కులు అంగీని ఎడమ పక్కన ముడేస్తారనీ, తాతారులు (అంటే మంగోలులే) ఎప్పుడూ కుడి పక్కనే ముడేస్తారనీ రాశాడు. బొమ్మని వెలుతురులో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అంత సూక్ష్మంగా ఎవరు చూస్తారంటారా? ఈ సరదా ఉన్నవాళ్లు చూస్తారండీ! డబ్బు తక్కువైతే మాత్రం పట్టుబట్టకండి. రంగులు మార్చి అవే గుర్రాల్ని ఒకసారి మంగోలులుగా, ఒకసారి కిప్చాకులుగా ఆడేవాళ్లూ ఉన్నారు.

చవగ్గా వస్తున్నాయని ఎవరో వాడేసిన పాత లోహపు బొమ్మలు కొంటారు చూడండి, అక్కడ మాత్రం జాగ్రత్త సుమా! వెనకటి రోజుల్లో వాటిలో సీసం బాగా కలిపేవారు. చాలా కంపెనీలు సీసం మానింది 1990ల్లోనే. బొమ్మ మీద తెల్లటి పొడి పూసినట్టుంటే అది సీసం చెడిన గుర్తు కావచ్చు. ఆకురాయి పనీ, గీకుడు పనీ వంటింటి గట్టు మీద, భోజనాల బల్ల మీద చెయ్యనివ్వద్దు. రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నోట్లో పెట్టుకునే చంటిపిల్లలున్న ఇంట్లో అవి అసలు వద్దు, ప్లాస్టిక్‌వే కొనండి. చిన్న ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి గనక వాటినీ పిల్లలకి అందనివ్వకండి. ప్లాస్టిక్ బొమ్మల్ని రంగు వేసేముందు గిన్నెలు తోమే సబ్బునీళ్లలో కడిగి ఆరబెడితే రంగు బాగా పట్టుకుంటుంది.

ఇక విడిది. సైన్యం వెనక ఓ గుడారం కూడా ఉండాలి. దాన్ని కొనకండి, మీరే చెయ్యండి. 15 మిల్లీమీటర్ల బొమ్మలకైతే హార్లిక్స్ సీసా మూతంత గుండ్రటి మూత చుట్టూ తెల్లటి ఫెల్టు గుడ్డ అతికించి, పైన అట్టముక్కతో గొడుగులా కప్పు వేస్తే మంగోలుల 'గెర్' తయారు. ఫెల్టుని సున్నంతోనో తెల్లమట్టితోనో తెల్లగా చేసేవాళ్లని రుబ్రుక్ విలియమే రాశాడు. బండి మీద పెట్టి లాగే ఇళ్లు కూడా చూశాడాయన. ఒకదానికి 22 ఎద్దులు కట్టారట!

ఆ బళ్లు తోలింది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే. ఇరవై ముప్ఫై బళ్లు ఒకదాని వెనకొకటి కట్టి, ముందు బండిలో ఒక్కతే కూర్చుని నడిపేదట. పాలు పితకడం, వెన్న తియ్యడం, తోళ్లు కుట్టడం కూడా వాళ్ల పనే. గుర్రప్పాలు పితికి కుమిస్ చిలకడం మాత్రం మగవాళ్లకి వదిలేశారు! పెట్టెల్లో ఎక్కువగా దొరికేది రౌతులే గనక, మిగిలిన బొమ్మకి కాస్త మైనంతో పొడుగాటి తలపాగా పెట్టి ఓ ఇల్లాలిని చేసి విడిదిలో నిలబెట్టండి. పెళ్లైన స్త్రీలు చెట్టుబెరడుతో చేసిన ఎత్తైన తలకట్టు పెట్టుకునేవాళ్లు.

గుడారం గుమ్మం ఎటు పెట్టాలని మీవాడు అడిగితే దక్షిణానికి పెట్టమనండి. మన వాస్తు సిద్ధాంతి చూస్తే ఏమంటాడో గానీ, వాళ్ల గుమ్మం అటే ఉండేది.