పత్తి చెక్కలో విషం - దాని విరుగుడు

సెలవులకు ఇంటికెళ్తే గేదెకు నానబెట్టిన పత్తి చెక్క పెట్టడం మనందరం చూసిందే. మా ఇంట్లో మిగిలిన కుడితి లేగదూడకు తాపేవాళ్లం. ఒక ఏడు ఆ దూడ దక్కలేదు. దిష్టి తగిలిందనుకున్నాం. పీజీలో గాసిపాల్ పాఠం విన్న రోజు మాకు ఆ దూడే గుర్తొచ్చింది.

గాసిపాల్ అంటే పత్తి గింజలో ఉండే పసుపు పదార్థం. మొక్కకు అది పురుగుల నుండి రక్షణ. నెమరువేసే పెద్ద పశువు పొట్టలో అది చాలావరకు మాంసకృత్తులకు అంటుకుని విషం కోల్పోతుంది. లేగదూడకు ఆ పొట్ట ఇంకా ఎదగదు, కోడికీ పందికీ అసలే లేదు. మోతాదు మించితే దూడలకు, పందులకు గుండె దెబ్బతింటుంది. నిల్వ ఉంచిన కోడిగుడ్డు సొన ఆకుపచ్చబారుతుంది.

గింజను ఉడికించి నూనె తీస్తే విషం తగ్గుతుంది. కానీ ఆ వేడికి గాసిపాల్ లైసిన్‌ను పట్టుకుంటుంది, మేతలో సారమూ పోతుంది. అందుకే దాణాలో అన్నభేది కలుపుతారు. అందులోని ఇనుము గాసిపాల్‌ను కట్టేస్తుంది. విడి గాసిపాల్ 1 పాలుంటే ఇనుము 1 పాలు కావాలి. అన్నభేదిలో ఇనుము ఐదో వంతే గనుక అది 5 పాళ్లు. ఇది దాణా మిల్లుల పని, ల్యాబులో కొలవనిదే కలపకూడదు.

ఇంటి దగ్గరైతే లేగదూడకు పత్తి చెక్క మానేయడమే. అమ్మకు అదే చెప్పాం. ఇప్పుడు దూడ కుడితి వేరే బకెట్‌లో కలుపుతోంది.