సర్వర్ లోడ్ టెస్ట్: రిజల్ట్స్ రోజు సర్వర్ ఎందుకు మొరాయిస్తుంది? ముందే పసిగట్టే పరీక్ష ఇదే!

పరీక్షా ఫలితాలు వచ్చేశాయి. సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్‌లో ఓ విద్యార్థి మార్కుల మెమో కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నాడనుకుందాం. చక్రం తిరుగుతూనే ఉంటుంది.. మెమో మాత్రం రాదు. సిగ్నల్ లేదేమోనని మేడ ఎక్కుతాడు. కానీ అలాంటి రోజున తప్పు సిగ్నల్‌దే కాకపోవచ్చు. ఎక్కడో దూరంగా ఫైళ్లు దాచిన సర్వర్ ఒక్కసారిగా వచ్చిన రద్దీకి చేతులెత్తేసి ఉండొచ్చు. దీన్ని ముందే కనిపెట్టే పరీక్షే లోడ్ టెస్టింగ్.

ఎలా చేస్తారంటే..

కొత్త వంతెనపై బరువైన లారీలు నిలబెట్టి చూస్తారు కదా.. ఇదీ అంతే. లాగిన్ అవ్వడం, ఫైల్ అప్‌లోడ్ చేయడం, డౌన్‌లోడ్ చేయడం.. మనిషి చేసే ఈ పనులన్నీ ఓ చిన్న ప్రోగ్రామ్‌గా రాస్తారు. అదే స్క్రిప్ట్. జేమీటర్, లోకస్ట్, కే6 లాంటి ఉచిత టూల్స్ ఆ స్క్రిప్ట్‌ను వందల, వేల మంది ఒకేసారి వాడుతున్నట్టు నడిపిస్తాయి. ముందు 100 మంది, తర్వాత 500, ఆపై 1,000.. ఇలా పెంచుకుంటూ పోతే సర్వర్ ఎక్కడ తడబడుతుందో తెలిసిపోతుంది.

ఫైళ్ల సర్వర్‌కు లెక్క వేరు

ఒక్కో మెమో 500 కేబీ అనుకుందాం. లక్ష మంది అడిగితే మొత్తం 50 జీబీ. సర్వర్‌కు 1 జీబీపీఎస్ లైన్ ఉంటే, అంతా సవ్యంగా సాగినా 400 సెకన్లు.. అంటే దాదాపు 7 నిమిషాలు పడుతుంది. ఈలోగా అందరూ రిఫ్రెష్ కొడితే? అడిగిన ఫైలే మళ్లీ మళ్లీ అడిగినట్టై రద్దీ ఇంకా పెరుగుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. 100 ఎంబీపీఎస్ లైన్‌పై ఆ మెమో 0.04 సెకన్లలో దిగిపోతుంది. 1 ఎంబీపీఎస్ మాత్రమే అందే ఊళ్లో 4 సెకన్లు పడుతుంది. అంటే నెమ్మది నెట్ ఉన్నవాళ్ల కనెక్షన్‌ను సర్వర్ 100 రెట్లు ఎక్కువసేపు మోయాలి. అందుకే సిటీ ఫైబర్ నెట్‌తో మాత్రమే టెస్ట్ చేస్తే సరిపోదు. పల్లె స్పీడ్‌తోనూ చూడాలి.

సగటు చూసి మోసపోవద్దు

100 మందిలో 95 మందికి ఒక్క సెకనులో, ఐదుగురికి 30 సెకన్లలో ఫైల్ వచ్చిందనుకుందాం. సగటు 2.45 సెకన్లే! రిపోర్టులో బాగానే కనిపిస్తుంది. కానీ ఆ ఐదుగురి బాధ లెక్కలోకి రాదు. అందుకే బాగా ఆలస్యమైన వాళ్ల సంగతే ముందు చూడాలి.

టెస్ట్‌ను పట్టించుకోకపోతే?

2013 అక్టోబర్ 1న అమెరికాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ ప్రారంభమైంది. అంతకుముందు టెస్టులో కొన్ని వందల మందికే కుప్పకూలినా ముందుకెళ్లారు. తొలిరోజు బీమాలో చేరగలిగింది ఆరుగురే! మన దగ్గర 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవాళ్లకు కోవిన్ రిజిస్ట్రేషన్ తెరవగానే మొదట్లో చాలామందికి ఓటీపీలు రాక ఇబ్బంది పడ్డారు. తర్వాత కుదుటపడి, ఆ రోజే కోటి మందికి పైగా నమోదయ్యారు.

జాగ్రత్త.. అనుమతి తప్పనిసరి

సరదాకి వేరేవాళ్ల సర్వర్‌పై ఇలాంటి స్క్రిప్టులు నడిపితే అది టెస్ట్ కాదు, దాడి. దురుద్దేశంతో సర్వర్‌ను అడ్డుకుంటే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. సొంత సర్వర్‌పైనే, అదీ రద్దీ లేని సమయంలోనే చేయాలి.

ఇక రిజల్ట్స్ రోజు మీ వంతు.. పేజీ తెరుచుకోకపోతే అదేపనిగా రిఫ్రెష్ కొట్టకండి. కొన్ని నిమిషాలు ఆగి చూడండి. మార్కులు ఎక్కడికీ పోవు!