కోల్డ్ స్టోరేజీలే యార్డయిన వేసవి

గుంటూరు మిర్చి వర్తకులకు ధరల పతనం కొత్త కాదు, తెగుళ్ళు కొత్త కాదు. సీజను నడిమధ్యన యార్డు గేటుకు తాళం పడడం మాత్రం కొత్తే. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కళ్ళాల్లో ఎండిన కాయ టిక్కీలకెక్కి యార్డుకు బారులు తీరే రోజులవి. అటువంటి తరుణంలో సుమారు రెండు నెలలు క్రయవిక్రయాలు స్తంభించాయి.

హెచ్చరిక అంతకుముందే అందింది. జనవరి 23న చైనా ప్రభుత్వం ఊహాన్ నగరాన్ని మూసివేసింది. తేజ రకానికి పెద్ద కొనుగోలుదారు చైనాయే కావడంతో ఎగుమతి గిరాకీ మందగించింది. తర్వాత మన గేట్లే మూతపడ్డాయి. వ్యవసాయ మార్కెట్లకు కేంద్రం మార్చి 27న మినహాయింపు ఇచ్చినా, కాగితం మీది అనుమతితో టిక్కీ కదలదు. హమాలీ రావాలి, లారీ దొరకాలి, కొనేవాడు కాయను చేత్తో పట్టి చూడాలి. పైగా ఏప్రిల్ 30 నాటి కేంద్రం జాబితాలో గుంటూరు జిల్లా రెడ్ జోనులో చేరింది. మిర్చి ఘాటుకు తుమ్మని మనిషి యార్డులో ఉండడు. తుమ్మితేనే పక్కవాడు పారిపోయే రోజులవి!

ఆ స్థితిలో వ్యాపారాన్ని నిలబెట్టినవి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు. అమ్మకానికి రావలసిన సరుకు నేరుగా వాటిలోకి మళ్ళింది. శాంపిలు చూసి, సరుకు కదలకుండానే బేరం కుదుర్చుకోవడం ఇక్కడ పాత పద్ధతే. సాధారణంగా అది సీజను ముగిశాక సాగే వ్యాపారం. ఆ ఏడు సీజనులోనే తప్పనిసరి అయింది. ఫోనులో ఫొటోలు చూసి బేరమాడే రోజులు వచ్చినా, ఫొటో రంగు చూపగలదు గాని తేమ చూపలేదు. కనుక కమీషన్ వ్యాపారి మాట మీద నమ్మకమే అసలు పెట్టుబడి అయింది.

ఏప్రిల్ 2న కేంద్రం ఈ-నామ్‌లో గిడ్డంగిలోని సరుకును అక్కడి నుంచే అమ్ముకునే వీలు కల్పించింది. అది రిజిస్టరయిన గిడ్డంగుల రసీదుకే వర్తిస్తుంది. మిర్చిలో ఒక లాటుకు మరో లాటుకు నాణ్యత మారుతుంది గనుక రసీదు చూసి కొనడం అంత సులువు కాదు.

దాచడం ఉచితం కాదన్నది వర్తకులు మరువరాని సంగతి. ఉదాహరణకు క్వింటాలు రూ. 12,000 వంతున 100 క్వింటాళ్ళు దాచితే విలువ రూ. 12 లక్షలు. దానిపై 60 శాతం అప్పు తెస్తే రూ. 7.20 లక్షలు. ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే ఆరు నెలలకు రూ. 43,200, అంటే క్వింటాలుకు రూ. 432. అద్దె, హమాలీ ఖర్చులు, బీమా దీనికి అదనం. ధర ఆ మేరకు పెరిగితేనే అసలు దక్కుతుంది. రైతుకు ముందుగా అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారికి ఆరు నెలలు డబ్బు తిరగదు. ఇక హమాలీకి దాచుకునే సరుకే లేదు. ఆ రోజు బస్తా మోయకపోతే ఆ రోజు కూలి పోయినట్లే.

అయినా దాచే చోటు విలువ ఎంతో అదే వసంతంలో క్రూడ్ ఆయిల్ చాటి చెప్పింది. అమెరికాలో నిల్వ ట్యాంకులు నిండిపోతున్న వేళ, ఏప్రిల్ 20న న్యూయార్కులో మే కాంట్రాక్టు పీపా మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. దాని ఆధారంగా ఎంసీఎక్స్ ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ రూ. 2,884 వద్ద సెటిల్ చేసింది. లాక్‌డౌన్ వల్ల ఎంసీఎక్స్ ట్రేడింగు అప్పట్లో సాయంత్రం 5 గంటలకే ముగిసేది. కొన్నవారు రాత్రి పతనంలో బయటపడే దారి లేక నష్టపోయారు. దాచే చోటు కరువైన చమురు ధర సున్నా కిందికి దిగింది. చోటున్న మిర్చికి ఆ గతి పట్టలేదు.

అంతమాత్రాన కోల్డ్ స్టోరేజీ ధరకు హామీ కాదు. 2025 ఫిబ్రవరిలో ఇదే మిర్చి ధర పడిపోగా, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ. 11,781 ప్రకటించవలసి వచ్చింది. గిడ్డంగి వ్యాపారికి గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువుకు వడ్డీ కట్టేది ఎవరో సరుకు లోపలికి వెళ్ళకముందే తేల్చుకోవడం మేలు.