బుల్లి విమానం ఇంజిన్‌లో నైట్రో ఎంత ఉండాలి?

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరాలనే కోరిక మన పిల్లల్లో ఈ మధ్య బాగా కనబడుతోంది. సంతోషం. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపు పోటీల్లో ఏరోమోడలింగ్ ఒక ముఖ్యమైన అంశం. రెండు సన్నని తీగల చివర విమానాన్ని కట్టి, పిడి చేతబట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ ఎగరేసే కంట్రోల్ లైన్ ఆట చూసిన పిల్లవాడికి ఇక పుస్తకాల మీద మనసు నిలవదు! అయితే పిల్లలు, కొందరు తల్లిదండ్రులు కూడా పదే పదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, ముప్పై శాతం నైట్రో పోస్తే ఇంకా జోరుగా ఎగురుతది గదా?" అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. ఈ చిన్న ఇంజిన్లు పెట్రోలుతో నడవవు. వీటి ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. సుమారు ఐదో వంతు నూనె, అంటే ఆముదం గాని, కృత్రిమ నూనె గాని, రెండూ కలిపి గాని ఉంటుంది. మూడోది నైట్రోమీథేన్. మనవాళ్లు నైట్రో అని పిలిచేది దీన్నే. సున్నా నుంచి ముప్పై శాతం దాకా కలిపి అమ్ముతారు. మూడింటిలోకి ఖరీదైనది కూడా ఇదే.

నైట్రోతో బలం ఎందుకు వస్తుంది? దానిలో వేడి ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువే. కిలో పెట్రోలు కాలితే సుమారు 44 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో మిథనాల్‌కు 20, కిలో నైట్రోమీథేన్‌కు 11 మాత్రమే. కిటుకు గాలిలో ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కు 6.4 కిలోలు చాలు. నైట్రోమీథేన్ తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది కాబట్టి 1.7 కిలోలతో సరిపెట్టుకుంటుంది. సిలిండర్ ఒక్కో గుటకకు పీల్చే గాలి పెరగదు కదా! అదే గాలికి ఎక్కువ ఇంధనాన్ని కాల్చవచ్చు. తొమ్మిదో తరగతి వాళ్లు భాగహారం చేసి చూడండి. కిలో గాలికి మిథనాల్ ఇచ్చేది 3.1 మెగాజౌళ్లయితే, నైట్రో ఇచ్చేది ఆరుకు పైనే. దీని వెనుకే ఖర్చు కూడా ఉంది. నైట్రో పెరిగితే ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మోటారు సైకిల్‌కు ఉన్నట్టు ఈ ఇంజిన్‌కు సమయం చూసి నిప్పురవ్వ వేసే ఏర్పాటు లేదు. ఉన్నది గ్లో ప్లగ్. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చాడు. లోపల ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ జరిగే చర్య, సిలిండర్ వేడి కలిసి ఆ తీగను కణకణలాడిస్తూనే ఉంటాయి. కాబట్టి మంట ఏ క్షణాన అంటుకోవాలో నిర్ణయించేవి మూడు: సిలిండర్‌లో నొక్కుడు, ప్లగ్ వేడి, నైట్రో శాతం. నైట్రో పెంచితే మంట ముందే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. అప్పుడు చిటపట శబ్దం వస్తుంది, ప్లగ్ తీగ తెగుతుంది, స్టార్టు చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఎదురు తిరిగి వేలు మీద కొడుతుంది. అది మామూలు దెబ్బ కాదు.

అందుకే "ఎంత నైట్రో?" అనే ప్రశ్నకు జవాబు ముందు ఇంజిన్ తయారీదారు ఇచ్చిన కాగితంలో వెతకాలి. ఐరోపాలో నైట్రో ఖరీదు కాబట్టి అక్కడి ఇంజిన్లు చాలావరకు ఎక్కువ నొక్కుడుతో, సున్నా నుంచి ఐదు శాతం నైట్రోకు తయారయ్యాయి. అమెరికా వాటికి పది, పదిహేను అలవాటు. సున్నా శాతం ఇంజిన్‌లో పదిహేను శాతం పోయాలంటే తల కింద పల్చటి రేకు వాషరు వేసి నొక్కుడు తగ్గించాలి, చల్లటి రకం ప్లగ్ పెట్టాలి. ఒక సీసీ కూడా లేని బుల్లి ఇంజిన్లది వేరే కథ. వాటికి పదిహేను, ఇరవై ఐదు శాతం కూడా అవసరమే. నాలుగు నుంచి ఏడు సీసీల మామూలు ఇంజిన్‌కు ఐదు నుంచి పది చాలు.

కంట్రోల్ లైన్ పిల్లలకు నా సలహా ఐదు శాతమే. నైట్రో వల్ల వచ్చే పెద్ద సుఖం, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగిపోకుండా ఉండటం. రేడియో విమానం దిగేటప్పుడు అది కావాలి. మన కంట్రోల్ లైన్ ఇంజిన్ ట్యాంకు అయిపోయేదాకా సాధారణంగా ఒకే వేగంతో తిరుగుతుంది, ఆ సుఖం దానికెందుకు? అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య కంట్రోల్ లైన్ వేగ పోటీలో నైట్రోయే ఉండదు. ఎనభై పాళ్లు మిథనాల్, ఇరవై పాళ్లు ఆముదం, అంతే. ప్రపంచ విజేతలు దానితోనే ఎగరేస్తున్నారు.

మన నాందేడ్ ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి, 15 డిగ్రీల చలికాలపు ఉదయం గాలి కన్నా ఎనిమిది తొమ్మిది శాతం పలచన. బలం తగ్గిందని పిల్లలు నైట్రో పెంచబోతారు. వేడెక్కిన ఇంజిన్‌కు అప్పుడు కావలసింది నూనె. నూనెలో కొంతైనా ఆముదం ఉంటే, ఇంధనం పలచబడినా పిస్టన్‌ను అది కాపాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ ఇంజిన్లలోనూ ఇదే ఆముదం. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే పంటే! కాకపోతే ఇంట్లో కాచిన వంటాముదం పోయకండి, అందులో తడి, జిగురు ఉంటాయి.

ఒక లెక్క. మీ దగ్గర పదిహేను శాతం నైట్రో, ఇరవై శాతం నూనె ఉన్న లీటరు ఇంధనం ఉంది. పది శాతం కావాలని అర లీటరు మిథనాల్ కలిపారు. నైట్రో సరిగ్గా పదికి వచ్చింది. మరి నూనె? 1500 మిల్లీలీటర్లలో 200, అంటే 13.3 శాతం. ఇంజిన్ పట్టేస్తుంది. అదే ఐదు శాతం సీసాను, నూనె ఇరవై శాతమే ఉన్నదాన్ని, సమానంగా కలిపితే రెండూ సరిపోతాయి. కార్ల ఇంధనం చవకగా దొరికిందని పోయకూడదనేది కూడా ఇందుకే. చాలావాటిలో నైట్రో ఎక్కువ, నూనె తక్కువ.

శాతం ఘనపరిమాణంలోనా, బరువులోనా అన్నది కూడా చూడండి. నైట్రోమీథేన్ మిథనాల్ కన్నా బరువు. సీసా మీద ఘనపరిమాణంలో పది శాతం అంటే బరువులో పదమూడు. ఐరోపా సమాఖ్య దేశాల్లో పేలుడు పదార్థాల భయంతో, బరువులో 16 శాతం దాటిన నైట్రోమీథేన్‌ను సాధారణ ప్రజలకు స్వేచ్ఛగా అమ్మరు. ఘనపరిమాణంలో అది పన్నెండుకు దగ్గర.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా. నైట్రో మాట అటుంచండి, ఆ సీసాలో అసలు విషం మిథనాల్. 2015 జూన్‌లో ముంబయి మాల్వణీలో మిథనాల్ కలిసిన సారా తాగి వందమందికి పైగా చనిపోయారు. కొద్ది గుటకలకే కళ్లు పోవచ్చు. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. దాని మంట పట్టపగలు కంటికి కనబడదు. కాబట్టి నీళ్ల సీసాలో, శీతల పానీయం సీసాలో పోసి ఉంచితే ఒప్పుకోను. ఇంధనం ఇంటికి తేవద్దు, బడికీ తేవద్దు. మైదానంలో ఇన్‌స్ట్రక్టర్ చేతిలోనే ఉండాలి. క్యాంపుకు రైల్లో వెళ్లే పిల్లలు సంచిలో పెట్టుకోవద్దు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఎగరడం అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది ఇంజిన్‌ను తిప్పి కాల్చేసి, నాలుగు చుక్కల నూనె లోపల వేయాలి. నైట్రో కాలితే ఆమ్లం పుడుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. వానాకాలంలో మిథనాల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది, మూత బిగించి ఉంచమని ఇన్‌స్ట్రక్టర్‌గారికి గుర్తు చేయండి.