ఆనె కోస్తే పోదు... ఒత్తిడి పోవాలి!

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హమాలీల పాదాలు చూడండి. మడమలు, వేళ్ల మొదళ్లు చెప్పు అట్టలా గట్టిపడి ఉంటాయి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులోనూ ఇదే తంతు. గుంట మగ్గంలో కాళ్లు దించి, రోజంతా వట్టి పాదాలతో చెక్కలు తొక్కితే చర్మం మొద్దుబారక ఏం చేస్తుంది?

నిజానికి అది జబ్బు కాదు. ఒకేచోట ఒత్తిడి, రాపిడి పడుతుంటే లోపలి కండను కాపాడుకోవడానికి చర్మం తన పైపొరను మందం చేసుకుంటుంది. వెడల్పుగా, నొప్పి లేకుండా ఉంటే అది కాయ. అదే ఒత్తిడి చిన్నచోట గుచ్చినట్టు పడితే మధ్యలో గింజలాంటి గట్టి ముద్ద తయారై లోపలికి నొక్కుతుంది. అదే ఆనె. అడుగు వేస్తే ముల్లు దిగినట్టుంటుంది. బిగుతు బూట్లు, ఎత్తు మడమల చెప్పులు వేసుకునేవారికి వేళ్ల మీదా వస్తుంది.

అన్నీ ఆనెలే అనుకోకండి. పక్కల నుంచి నొక్కితే ఎక్కువ నొప్పి, పైన నల్లటి చుక్కలు ఉంటే అది వైరస్ వల్ల వచ్చే పులిపిరి కావచ్చు. దాని వైద్యం వేరు.

ఇక మన ఇళ్లలో జరిగేది తెలిసిందే. బ్లేడుతో కోయడం, జీడి రసం పెట్టడం, సున్నం పూయడం. జీడి తగిలితే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా బొబ్బలెక్కుతుంది. కోసిన ఆనె కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది. అరిగిన హవాయి చెప్పు మారనిదే అది మాత్రం ఎందుకు ఊరుకుంటుంది!

పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, మెత్తబడ్డాక నురుగురాయితో కొద్దికొద్దిగా రుద్దాలి. ఒక్కరోజులో అంతా తీసేయాలని చూడొద్దు. తర్వాత యూరియా ఉన్న క్రీమో, కొబ్బరినూనో రాయాలి. మధ్యలో రంధ్రం ఉన్న మెత్తటి ప్యాడ్ పెట్టుకుంటే బరువు ఆనె మీద పడదు. మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్‌లో సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అది ఆనెకు మాత్రమే తగలాలి.

షుగర్ ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఇవేవీ సొంతంగా చేయకూడదు. నీళ్లు కాలినా, బ్లేడు తెగినా వారికి తెలియదు. పైకి కాయలా కనిపించేదాని కింద పుండు దాగి ఉండొచ్చు. నిర్లక్ష్యం చేస్తే వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. కాయ చుట్టూ ఎర్రబడినా, నల్లబడినా, తడి కనిపించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటివారి కోసమే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు అడుగున్న చెప్పులున్నాయి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి. పొద్దంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సరైన సైజు అప్పుడే తెలుస్తుంది.