పీఎఫ్ బదిలీ ఆగిపోయిందా? డ్రా చేసే ముందు ఒక్కమాట

గత దసరాకు మా అక్కవాళ్లింటికి వెళ్లినప్పుడు మేనల్లుడు ఫోన్ పట్టుకొచ్చాడు. "మావయ్యా, పాత కంపెనీ పీఎఫ్ బదిలీ రెండోసారి కూడా తిరస్కరించారు. విసుగొచ్చింది, డ్రా చేసేస్తాను" అన్నాడు. "సరే, చేసెయ్" అనబోయి ఆగాను. ఇన్నేళ్లుగా బ్యాంకులో ఉన్నా పీఎఫ్ గురించి నాకు తెలిసింది అంతంతమాత్రమే. మనకు బ్యాంకు పెన్షనో, ఎన్‌పీఎస్సో ఉంటుంది. మన పిల్లలు మాత్రం చాలామంది ప్రైవేటు కంపెనీల్లో చేరి, రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారుతున్నారు. అందుకే ఆ రోజు నుంచి నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

డ్రా చేస్తే ఏం పోతుంది? మావాడు మొదటి కంపెనీలో మూడున్నరేళ్లు, రెండోదాంట్లో రెండేళ్లు చేశాడు. బదిలీ అయితే మొత్తం ఐదున్నరేళ్ల సర్వీసు. ఐదేళ్లు నిండని ఖాతాలోంచి తీస్తే పన్ను పడుతుంది. 50,000 రూపాయలు, ఆపైన అయితే పాన్ ఉన్నా సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అంతకన్నా పెద్ద నష్టం పెన్షన్‌ది. నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ వాటా కూడా తీసేసుకుంటే ఆ మూడున్నరేళ్లు లెక్కలోంచి పోతాయి.

ఇక తిరస్కరణకు కారణాలు. క్లెయిమ్ స్టేటస్‌లో రాసే ఉంటాయి, మనమే చదవం.

పేరు: మావాడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒక్క పొడి అక్షరమే. మన తెలుగువాళ్లకు ఇది మామూలే. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ వంటివి జాయింట్ డిక్లరేషన్‌తో సరిదిద్దుకోవచ్చు. తప్పు ఆధార్‌లోనే ఉంటే ముందు దాన్ని మార్పించాలి. కంపెనీ మూతపడితే ఆధారాలతో పీఎఫ్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

మానేసిన తేదీ: పాత కంపెనీ దీన్ని నమోదు చేయకపోతే బదిలీ కదలదు. చివరి చందా జమ అయిన రెండు నెలల తర్వాత ఉద్యోగే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. ఆ తేదీ చివరి చందా నెలలోనే ఉండాలి. రిలీవింగ్ లెటర్ ఎదురుగా పెట్టుకుని వేయండి.

రెండు యూఏఎన్‌లు: కొత్త కంపెనీలో పాత నంబరు చెప్పకపోతే ఇంకోటి పుడుతుంది. మనిషికి ఒక్కటే ఉండాలి. పాతదాంట్లోని సొమ్మును ఇప్పుడు వాడుతున్నదాంట్లోకి మార్పించుకోవాలి.

మావాడు ముందు పేరు, తర్వాత తేదీ సరిచేసి, అప్పుడు మూడోసారి పెట్టాడు. సొమ్ము చేరింది. ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్: "మావయ్యా, పెన్షన్ కాలమ్‌లో సున్నా చూపిస్తోంది, డబ్బు పోయిందా?" పోలేదు. పెన్షన్ వాటా పాస్‌బుక్‌లో సొమ్ముగా బదిలీ కాదు, సర్వీసు కాలం మాత్రమే బదిలీ అవుతుంది. పాత సర్వీసు కొత్త ఖాతాలో చేరిందో లేదో సర్వీసు హిస్టరీలో, అనెక్షర్-కె పత్రంలో చూసుకుని, ఆ పత్రం దాచుకోవాలి.

ఈ ఆదివారం మీ అబ్బాయినో, అమ్మాయినో, కోడలినో పక్కన కూర్చోబెట్టుకుని ఆధార్, పాన్, పీఎఫ్ వివరాలు ఒకసారి సరిచూడండి. ఉద్యోగం మానేశాక పాత కంపెనీ చుట్టూ తిరగడం కన్నా, ఉండగానే సరిచేయించుకోవడం తేలిక.