మట్టిపొరలలోని చరిత్ర

భూపాలపల్లి చేలలో కురిసిన వాన కొంత మట్టిని కోసుకొని, వాగుల వెంట గోదావరిలో చేరి, బంగాళాఖాతం అడుగున పొరలుగా నిలుపుతుంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకై వచ్చిన జాయిడెస్ రిజల్యూషన్ నౌక, గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రగర్భం నుండి అట్టి మట్టిస్తంభాన్ని వెలికితీసింది. సుమారు 11,000 సంవత్సరాల నిక్షేపం అందులో ఉంది.

ఇటువంటి స్తంభాలను నిలువునా చీల్చి, ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తే ప్రతి మూలకమూ తనదైన కిరణాన్ని వెలువరిస్తుంది. సముద్రపు మట్టిలో టైటానియం, ఇనుము అధికమైతే నేలమట్టి ఎక్కువగా కొట్టుకువచ్చిందనీ, కాల్షియం హెచ్చితే జలజీవుల గుల్లల పాలు పెరిగిందనీ గ్రహిస్తారు. కాలాన్ని మాత్రం ఈ కిరణాలు చెప్పవు. తేదీ లేని తాళపత్రప్రతికి వలెనే వేరొక ఆధారం వెతకాలి. అదే రేడియో కార్బన్ పరీక్ష.

గోదావరి స్తంభంలో మిగిలిన ఆకుల మైనాన్ని పరీక్షించి, సుమారు 4,000 ఏళ్ల క్రితం, మరల 1,700 ఏళ్ల క్రితం వర్షాభావాన్ని తట్టుకొనే మొక్కలు పెరిగాయని 2012లో ప్రకటించారు. ఆ ఎండుకాలంలోనే దక్కను నేల కోత హెచ్చిందని 2017లో వెల్లడైంది. వాన తగ్గితే కోత పెరగడమేమిటి? పచ్చదనం పలుచబడి, సేద్యం విస్తరించిన నేలను కొద్దిపాటి వానయినా కోయగలదు.

గణపతిదేవుని కాలం నాటి ఘనపురం గణపసముద్రం వంటి చెరువుల అడుగునా ఇట్టి పొరలుంటాయి. పూడికమట్టి పొలానికి బలమే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ అందుకూ తోడ్పడింది. అయితే యంత్రం తవ్విన చోట పొరల వరుస చెదరిపోతుంది. తవ్వకానికి ముందే ప్రతి పాత చెరువు నుండి ఒక్క గొట్టమంత మట్టినైనా తీసి భద్రపరచాలి.